పాత నాణేల మూటకు వెల కట్టడం: నా అనుభవం

గుంటూరు పట్నంబజారులో పాత వెండి కొనే కొట్టుకు నాణేల మూట పట్టుకెళ్తే మొదట జరిగేది తూకం. మూటంతా ఒక్కసారే తక్కెట్లో పడుతుంది. గ్రాముకు ఇంత అని లెక్క కట్టి, తరుగు తీసేసి డబ్బు చేతిలో పెడతారు. కొట్టాయన వైపు నుంచి చూస్తే అది సరైన లెక్కే, ఆయన కొనేది కరిగించడానికి. కానీ ఆ మూటలో వెండి వెలకు ఎన్నో రెట్లు పలికే బిళ్ళ ఒకటి ఉంటే అదీ అదే లెక్కలో పోతుంది. కొట్టుకు వెళ్ళేముందు ఇంట్లో బల్ల మీద చేసుకోవాల్సిన పని అందుకే ఉంది. ఈమధ్య లాలాపేటలో ఒక పాత ఇంటి ఇనప్పెట్టెలో దొరికిన మూటకు వెల కట్టాను. ఆ పని జరిగిన వరసలోనే రాస్తున్నాను.

మూటలో రూపాయి బిళ్ళలు, అర్ధరూపాయలు, పావలాలు, కొన్ని బేడలు, గుప్పెళ్ళకొద్దీ రాగి కానులు, చిల్లుకానులు, నయాపైసలు, నైజాం రూపాయలు కొన్ని, రెండు ‘రాముడి బిళ్ళలు’ ఉన్నాయి. బల్ల మీద పరిచేసరికే ఆ ఇంటి పెద్దావిడ ఒక గిన్నెలో చింతపండు నానబెట్టి సిద్ధంగా ఉంచారు.

“మసి పట్టి ఉన్నాయి బాబూ, ఒక్కసారి తోమి ఇస్తాను, రాతలన్నీ కనపడతాయి.”

“వద్దండీ పిన్నిగారూ, ఆ మసికే సగం ధర.”

మాట కొంచెం పెంచి చెప్పినా విషయం నిజమే. వెండి మీద నల్లగా కనిపించేది మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏళ్ళ తరబడి కట్టిన పొర అది. సేకర్తకు అదే సాక్ష్యం: బిళ్ళను ఎవరూ గీకలేదు, కొత్తగా పోత పోయలేదు అని. చింతపండు పులుసు, పీతాంబరి, కచ్చిక బూడిద, టూత్‌పేస్టు ఏది వాడి తోమినా బిళ్ళ పైపొర పోతుంది. పది రెట్ల భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుకు సాగిన సన్నటి గీతలు కనిపిస్తాయి. రాగి కానిని చింతపండుతో తోమితే గులాబీ రంగులోకి తిరుగుతుంది, ఆ రంగు చూడగానే కొనేవాళ్ళు పక్కన పెట్టేస్తారు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా, మెత్తని నూలు గుడ్డ మీద ఆరబెట్టాలి. అంతకు మించి ఏమీ చెయ్యకూడదు.

కావాల్సిన సామాను పెద్దదేమీ కాదు. 0.01 గ్రాము వరకు చూపే జేబు కాటా, వెర్నియర్ క్యాలిపర్, కంసాలులు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, చిన్న అయస్కాంతం, పక్కవాటంగా వెలుగు పడేలా ఒక టేబుల్ లైటు, కింద పరవడానికి మందపాటి తువ్వాలు. బిళ్ళను ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తాలి. బొటనవేలి చెమట ముద్ర రాగి మీద కొద్ది రోజుల్లోనే మచ్చగా తేలుతుంది. బెజవాడ, గుంటూరు ఉక్కపోతలో ఇంకా త్వరగా తేలుతుంది.

మొదట అయస్కాంతం తిప్పాను. ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. అంటుకున్నదల్లా నకిలీ కాదు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి, 1950లో వచ్చిన గణతంత్ర రూపాయి శుద్ధ నికెల్‌వి, అవి అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటాయి. 1957 తర్వాతి 25, 50 నయాపైసలూ అంతే. అంటుకోకూడనివి వెండివి, రాగివి. 1945 వరకు తేదీ ఉన్న వెండి రూపాయి అంటుకుంటే ఇక దాని మీద సమయం పెట్టక్కర్లేదు. అయితే అంటుకోనంత మాత్రాన అసలుదని కాదు. కంచు, తగరం, జర్మన్ సిల్వర్ నకళ్ళు కూడా అంటుకోవు.

తర్వాత బరువు. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. మన పెద్దవాళ్ళు వెండి తూచడానికి వాడిన ‘రూపాయి ఎత్తు’ ఇదే. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46. 1939 వరకు వెండి స్వచ్ఛత వెయ్యికి 917. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే, మిగతాది రాగి, నికెల్, జింకు. బరువు మాత్రం అదే 11.66 కాబట్టి కాటా ఈ తేడా చెప్పదు, తేదీ చెబుతుంది. పాతదానిలో అసలు వెండి 10.69 గ్రాములు, 1940 తర్వాతదానిలో 5.83. కొట్టులో అన్నిటినీ ఒకే కుప్పగా తూస్తే ఈ తేడా ఎవరో ఒకరికి నష్టం. వెండి గ్రాము 100 రూపాయలు అనుకుంటే ఒక్కో బిళ్ళకు 1,069కి బదులు 583. మూటలో ఇవి సగం ఉంటే నష్టం చిన్నదేమీ కాదు. అంచు చూసినా తెలుస్తుంది. సగం వెండి రూపాయల్లో ఎక్కువవాటికి అంచు గీతల మధ్య సన్నటి గాడి చుట్టూ తిరుగుతుంది, పాతవాటికి గీతలు నేరుగా ఉంటాయి.

వాడకంలో అరిగిన రూపాయి 11.5, 11.4 వరకు దిగడం మామూలే. 11.0 చూపిస్తే అనుమానించాలి. బరువు ఎక్కువ చూపిస్తే మరీ అనుమానించాలి, అరుగుదల బరువు పెంచదు. వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు ఉండాలి. పోత నకళ్ళు చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుంటాయి కాబట్టి క్యాలిపర్ దగ్గరే కొన్ని పట్టుబడతాయి.

బరువు, కొలత రెండూ సరిపోయి రంగు మాత్రం తేడాగా ఉన్నవి మూటలో కొన్ని మిగిలాయి. వాటికి నీటి పరీక్ష. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చెయ్యాలి. సన్నటి నైలాన్ దారంతో బిళ్ళను కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా వేలాడదియ్యాలి. కాటా చూపే అంకె ఆ బిళ్ళ తొలగించిన నీటి బరువు. 917 వెండి రూపాయికి అది 1.13 దగ్గర వస్తుంది. సగం వెండిదైతే 1.22. కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) నకలైతే 1.31, ఇత్తడి మీద పూతైతే 1.37. తేడాలు చిన్నవి కాబట్టి ఫ్యాను ఆపాలి, బిళ్ళకు గాలి బుడగలు అంటుకోకుండా నీళ్ళలో ఒక చుక్క సబ్బునీళ్ళు వెయ్యాలి. నూలు దారం వద్దు, నీళ్ళు పీల్చి అంకె మారుస్తుంది. ప్రతి బిళ్ళకూ రెండుమూడుసార్లు చూడాలి. గచ్చు మీద పడేసి ‘ఖంగు’మంటుందా అని చూసే పాత అలవాటు మాత్రం మానెయ్యాలి. అంచు మీద పడిన సొట్ట ధర తగ్గిస్తుంది.

ఇప్పుడు అసలు పని, తేదీలు, రకాలు. 1840 రూపాయి అందరి ఇళ్ళలోనూ కనిపిస్తుంది, కారణం ఆ తేదీతోనే 1862 వరకు అచ్చు వేశారు. కాబట్టి తేదీ పాతది అన్నంత మాత్రాన అరుదు కాదు. ఇందులో విక్టోరియా పేరు తల చుట్టూ ఆగకుండా సాగే రకం ఒకటి, తలకు రెండు వైపులా విడిపోయే రకం ఒకటి. విడిపోయిన రకంలో వెనకవైపు దండలోని గింజలు లెక్కపెట్టాలి. 28 ఉన్నవి ఒక పోగు, 34, 35 ఉన్నవి ఇంకో పోగు. కళ్ళు లాగే పనే, కానీ మామూలు బిళ్ళా, వెతికే బిళ్ళా అన్నది ఆ గింజలే తేలుస్తాయి. 1862 రూపాయిదీ అదే కథ. 1874 వరకు అదే తేదీ. బొంబాయి టంకశాల వాళ్ళు అసలు సంవత్సరం గుర్తుగా తేదీ దగ్గర చుక్కలు పెట్టారు. అరిగిన బిళ్ళ మీద చుక్క ఉందో లేదో తేల్చాలంటే లైటు బాగా పక్కకు వంచాలి.

1911 రూపాయి కోసం అందరూ ఎగబడతారు. అయిదో జార్జి పట్టాభిషేక వస్త్రం మీద ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ లేవడంతో ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించింది. 1912 నుంచి తొండం స్పష్టంగా దించి, బొమ్మ మార్చారు. వాట్సాప్‌లో ‘పంది రూపాయి’ అని తిరిగే ఫోటోల్లో చాలావరకు 1912 తర్వాతివే, ఏనుగు అరిగిపోయి ఉంటుంది అంతే. తేదీ 1911 కాకపోతే అది పంది రూపాయి కాదు. ఇక వెండి రూపాయల్లో నిజంగా అరుదైనది 1939. దానికి నకిలీ తయారుచేయడం తేలిక, 1938లోని ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేస్తారు. భూతద్దంలో ఆఖరి అంకె చుట్టూ ఉన్న ఖాళీ జాగా గీసినట్టు, కాస్త పల్లంగా కనిపిస్తే చెక్కినదే. ఈ తేదీ బిళ్ళ ఎదురైతే నిపుణుడి సర్టిఫికెట్ లేకుండా కొనకూడదు, అమ్మకూడదు.

టంకశాల గుర్తులు కూడా ఇక్కడే చూసుకోవాలి. అయిదో జార్జి రూపాయి వెనక కింది తామర దగ్గర చిన్న చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. 1943 నుంచి 1945 మధ్య చిన్న ‘ఎల్’ ఉంటే లాహోర్. స్వాతంత్ర్యం తర్వాత వజ్రం ఆకారం బొంబాయిది, నక్షత్రం హైదరాబాదుది, గుండ్రటి చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కలకత్తాది.

నైజాం రూపాయలను ఆ ఇంట్లోవాళ్ళు బ్రిటిష్ రూపాయలతో కలిపేశారు. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ హాలీ సిక్కా బరువు 11.18 గ్రాములు, స్వచ్ఛత 818, అంటే అసలు వెండి 9.14 గ్రాములు. మధ్య కమాను లోపల ఉర్దూ లిపిలోని మీమ్ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. తేదీ హిజ్రీ లెక్కలో, అరబిక్ అంకెల్లో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరానికి దగ్గరగా వస్తుంది: 1337 అని ఉంటే సుమారు 1919.

ఈ ప్రాంతపు వెండి బిళ్ళలకు ఒక ప్రత్యేకమైన జబ్బుంది. రూపాయలు గొలుసులకు, వడ్డాణాలకు, పిల్లల మొలతాళ్ళకు కొక్కెం అతికించి వాడారు. కొక్కెం పీకేసినా కిరీటం పైన అంచు దగ్గర టంకం మచ్చ మిగులుతుంది. అంచును వేలితో తడిమితే ఒకచోట గీతలు నున్నగా తగులుతాయి. అలాంటిది ఎంత అరుదైన తేదీదైనా ధర బాగా పడిపోతుంది, మామూలు తేదీదైతే వెండి ధరే. షరాబులు పరీక్షించి కొట్టిన చిన్న చిన్న ముద్రలు కూడా ధర తగ్గిస్తాయి, కాకపోతే వాటి మీదే ఆసక్తి ఉన్న సేకర్తలు కొందరున్నారు. నాకైతే ముద్రలున్న బిళ్ళలు ఇష్టమే, ఎన్ని చేతులు మారిందో కనిపిస్తుంది. మార్కెట్ మాత్రం నా ఇష్టాన్ని పట్టించుకోదు.

రాగి పోగులో నాకు పనికొచ్చినది ఒకటే దొరికింది, అదీ అన్నిటికన్నా నల్లగా, పెద్దగా ఉన్నది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ ముద్ర, రెండు సింహాలు, కింద లాటిన్ నినాదం. రెండోవైపు నాలుగు గదులుగా చీలిన గుండె ఆకారం, ఆ గదుల్లో కంపెనీ పేరు పొడి అక్షరాలు, ‘రూపాయికి 48’ అని ఇంగ్లిషు రాత. తేదీ 1797. ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో 1794లోనూ, 1797లోనూ వీటిని కొట్టి ఓడల్లో పంపారు. అప్పట్లో గుంటూరు సర్కారు కూడా అందులో భాగమే, అంటే ఇది సొంత ఊరి చిల్లర. వీటిలో సగం విలువకు ‘రూపాయికి 96’ అని చిన్నది ఉంటుంది. వీటితో కలిపి కనిపించే 1808 నాటి ఇరవై కాసుల బిళ్ళ మాత్రం జాగ్రత్తగా చూడాలి. 1809లో ఇంగ్లాండు తీరంలో మునిగిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ నుంచి 1980ల్లో ఇవి కుప్పలుగా బయటికి తీశారు. సముద్రంలో నాని చాలావాటికి పైపొర దెబ్బతింది కాబట్టి వాటికీ, మన దగ్గర చేతులు మారినవాటికీ ఒకే ధర కట్టకూడదు.

మిగతా రాగి తొందరగా తేలిపోయింది. పావు అణా కానులు 1906కి ముందు రాగివి, తర్వాత కంచువి, కంచుది 4.86 గ్రాములు. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లుకాని, 1957 నుంచి వచ్చిన నయాపైసలు, 1968 నాటి తామర పువ్వు ఇరవై పైసలు అందరి దగ్గరా ఉన్నవే. పూర్తిగా మెరుపు చెడనివి మాత్రం పక్కకు తియ్యాలి, మిగతావి పిల్లలు మొదలుపెట్టే ఆల్బమ్‌కు సరిపోతాయి.

అరుగుదల కొలవడానికి ఒక్కో బొమ్మకు ఒక్కో చోటు. అయిదో జార్జి బిళ్ళలో కిరీటం కింది పట్టీలోని రాళ్ళు, భుజం మీది గొలుసు, ఏనుగు. ఏనుగు కాళ్ళు విడివిడిగా కనిపిస్తే ‘వెరీ ఫైన్’ అనే గ్రేడు (అరుగుదల మెట్టు) పైన, ముద్దలా ఉంటే దాని కింది మెట్టు ‘ఫైన్’. ఏడో ఎడ్వర్డుకు కిరీటం లేదు కాబట్టి చెవి, చెవి మీది జుట్టు మొదట అరుగుతాయి. విక్టోరియాకు చెవి దగ్గరి జడ. మంచి నమూనా ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే బెజవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో నాణేల గదిలో కాసేపు నిలబడి రావడం మేలు. ఒకప్పటి విక్టోరియా జూబ్లీ మ్యూజియమే అది. ఫోటోల్లో చూసి గ్రేడు కట్టేవాళ్ళు ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే కడతారు.

ధర దగ్గరికొచ్చేసరికి ఇంటర్నెట్‌లో అడిగే ధరలు పక్కన పెట్టాలి. ‘ఈ కాని ధర అయిదు లక్షలు’ అని ఎవరైనా రాయొచ్చు, అమ్ముడైనది ఎంతకు అన్నదే లెక్క. ముంబైలోని టోడీవాలా, ఓస్వాల్, బెంగళూరులోని మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థల పాత వేలాల్లో అమ్ముడైన ధరలు చూసుకోవచ్చు. అదే తేదీ, అదే టంకశాల, అదే గ్రేడు ఉన్నవి కొన్ని తీసుకుని, వాటిలో మరీ పైదీ మరీ కిందిదీ వదిలేసి మధ్యవి చూడాలి. ఆ అంకె కొనేవాడు కట్టేది, సంస్థ కమిషన్ పోగా అమ్మేవాడికి చేరేది తక్కువ. డీలర్ అయితే ఇంకా తక్కువిస్తాడు, ఎందుకంటే కొనుక్కుని పెట్టుకునేది ఆయనే. కిందిగీత మాత్రం ఎప్పుడూ ఆ రోజు వెండి విలువ. మామూలు తేదీ, అరిగిన రూపాయికి ఆ గీత మీద పెద్దగా లేవదు.

ఇక ఆ రెండు రాముడి బిళ్ళలు. సీతారాములు, హనుమంతుడి బొమ్మ, ‘1818’, ‘ఒక అణా’ అని ఇంగ్లిషు రాత. కంపెనీ ఇలాంటి అణా ఎప్పుడూ కొట్టలేదు. మద్రాసులో కొట్టిన బంగారు వరహాల మీద విష్ణువు బొమ్మ ఉన్న మాట నిజమే గానీ, వాటికీ వీటికీ సంబంధం లేదు. ఇవి గుళ్ళ దగ్గర అమ్మే బిళ్ళలు. ఇలాంటివే బియ్యపు గింజల్ని లాగుతాయని చెప్పి ‘రైస్ పుల్లింగ్’ పేరుతో లక్షలు కాజేసే ముఠాల వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. బియ్యాన్ని లాగే నాణెం లేదు. 2012 నాటి వైష్ణోదేవి అయిదు, పది రూపాయల బిళ్ళల మీద లక్షల ఆశ పెట్టి ముందు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడిగేవాళ్ళూ ఇదే జాతి. పాత నాణేల అమ్మకాలకు తాము ఏ రుసుమూ, కమిషనూ తీసుకోమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ముందు డబ్బు కట్టమన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యాలి.

విలువున్నవి పక్కకు తీశాక వాటిని మెత్తటి పీవీసీ జేబుల ఆల్బమ్‌లో పెట్టకూడదు. మన వేడికి ఆ ప్లాస్టిక్ కరిగినట్టయి బిళ్ళ మీద పచ్చని జిగురు దిగుతుంది. మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు) కిటికీ ఉన్న అట్ట ఫ్లిప్పులు, గట్టి డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం చాలు. రబ్బరు బ్యాండు దగ్గరికి రానివ్వొద్దు, దానిలోని గంధకం వెండిని చారలుగా నల్లబరుస్తుంది. రాగి మీద పొడిపొడిగా లేత పచ్చ రంగు కనిపిస్తే దాన్ని మిగతావాటి నుంచి విడిగా ఉంచి, డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ వారాల తరబడి నానబెట్టాలి.

ఆ ఇంటివాళ్ళ అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అతనికి కొన్ని పంపుదామన్నారు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. 1911 నుంచి 1922 వరకు ఉన్న అయిదో జార్జి రూపాయలన్నీ ఇప్పుడు ఆ లెక్కలోకి వచ్చేశాయి. అతనికి 1947 పులి రూపాయి ఇవ్వమన్నాను. పొలంలోనో గోడలోనో పాతిపెట్టినవి దొరికితే సంగతి వేరు, 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. ఇనప్పెట్టెలో వంశపారంపర్యంగా వచ్చినవాటికి అది వర్తించదు.

చివరికి మూట మూడు భాగాలైంది. టంకం మచ్చలున్నవి, బాగా అరిగిన మామూలు తేదీలు వెండి కొట్టుకు, కానీ 917, 818, 500 మూడూ వేర్వేరు పొట్లాలుగా, ప్రతి పొట్లం మీదా బరువు, అసలు వెండి గ్రాములు రాసి. గింజలు లెక్కపెట్టి తీసిన 1840లు, చుక్కలున్న 1862లు, ‘రూపాయికి 48’ వేలానికి. మిగతావి ఇంట్లోనే. వేలానికి పంపేవాటికి రెండువైపులా, అంచుకు ఫోటోలు తీసి, రెండో దశాంశం దాకా బరువు రాసి జాబితా చేశాం. కనీస ధర, కమిషన్ శాతం కాగితం మీద రాయించుకుని, ఆ జాబితా నకలు మీద సంస్థ సంతకం తీసుకున్నాకే బీమా చేసి పార్సిల్ పంపించాం.